హెచ్‌ఐవీ మీద చిన్నచూపు ఎందుకు పోవట్లేదు? సిస్టమ్స్ థింకింగ్‌తో చూద్దాం

ఈరోజు మనం మాట్లాడుకునేది హెచ్‌ఐవీ గురించి. అది ఎలా వస్తుంది, ఎలా రాదు అని మళ్ళీ పాఠం చెప్పబోవట్లేదు. అది మీరు స్కూల్లోనే చదివేశారు. ముట్టుకుంటే రాదు, దోమ కుడితే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. చాలామందికి తెలుసు.

మరి తెలిసినా, పక్కింట్లో ఒకరికి ఉందని వినగానే వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగడానికి చెయ్యి ఎందుకు వెనక్కి పోతుంది? సంబంధం ఎందుకు తప్పిపోతుంది? అద్దె ఇల్లు ఎందుకు ఖాళీ చెయ్యమంటారు? ఈరోజు నా ప్రశ్న ఇదీ.

మనం మామూలుగా చెప్పుకునే జవాబులు రెండు. ఒకటి, జనానికి అవగాహన లేదు. రెండు, జనం మంచివాళ్ళు కాదు. రెండూ కొంత నిజమే. కానీ అవగాహన పోస్టర్లు కొన్ని దశాబ్దాలుగా గోడల మీద ఉన్నాయి. జనం కూడా, అదే జనం, క్యాన్సర్ వచ్చిన మనిషికి చందాలు వేసి ఆపరేషన్ చేయిస్తారు. అంటే మనుషుల మంచి చెడులు కాకుండా ఇంకేదో పని చేస్తోంది. దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు సిస్టమ్స్ థింకింగ్.

మైక్ ఎందుకు కూస్తుంది?

పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. వినాయక చవితి మండపం గుర్తు తెచ్చుకోండి. ఎవరో మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకి నడుస్తారు. వెంటనే 'కీ...' మని చెవులు పగిలే కూత. ఏమైంది? మైక్‌లోకి వెళ్ళిన శబ్దం స్పీకర్‌లోంచి పెద్దగా వచ్చింది. అది మళ్ళీ మైక్‌లోకి వెళ్ళింది. ఇంకా పెద్దదై బయటికొచ్చింది. అలా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు తప్పెవరిది? మైక్ బాగుంది. స్పీకర్ బాగుంది. పాడే ఆయన కూడా బాగానే పాడుతున్నాడు. తప్పు ఆ మూడింటి అమరికలో ఉంది. పాడే ఆయన్ని తిడితే కూత ఆగదు. మైక్‌ని రెండడుగులు పక్కకి జరిపితే ఆగిపోతుంది.

సిస్టమ్స్ థింకింగ్ అంటే ఇంతే. ఒక సమస్య పదే పదే వస్తుంటే, "ఎవరి తప్పు" అని అడిగే ముందు "ఏది తిరిగి తిరిగి దేనిలోకి వెళ్తోంది" అని అడగడం. అలా తిరిగే దాన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు. మన తెలుగులో విషవలయం అనే మాట ఉంది కదా, దాదాపు అదే. హెచ్‌ఐవీ మీద చిన్నచూపులో ఇలాంటివి నాకు నాలుగు కనిపిస్తాయి. వీడియోలో బోర్డు మీద గీశాను. చదివేవాళ్ళ కోసం మాటల్లో చెప్తాను.

మొదటి వలయం: దాచడం

ఈ మధ్య ఒకబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు. టెస్ట్ చేయించుకోవాలని మూడు నెలలుగా అనుకుంటున్నాడట. "రిజల్ట్ అంటే అంత భయం లేదన్నా. ఆ గది ముందు కూర్చుంటే మా ఊరోళ్ళు ఎవరైనా చూస్తారేమోనని భయం" అన్నాడు.

ఈ భయాన్ని పట్టుకుని ముందుకెళ్దాం. భయపడ్డవాళ్ళు టెస్ట్‌కి వెళ్ళరు. వైరస్ ఒంట్లో ఉన్నా బయటికేమీ కనపడదు. మందు వాడకపోతే హెచ్‌ఐవీ ఎయిడ్స్ దశకు రావడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ మనిషి మామూలుగానే ఉంటాడు. ఆ తర్వాత ఒక్కసారిగా బరువు తగ్గిపోవడం, టీబీ, తగ్గని విరేచనాలు. అప్పుడు ఆసుపత్రిలో బయటపడుతుంది. అప్పటికి ఆలస్యం అయిపోయి ఉంటుంది కాబట్టి కొందరు చనిపోతారు. ఊరు ఏం చూసింది? "ఆ జబ్బు వచ్చింది, ఆరు నెలల్లో పోయాడు." ఊరికి భయం ఇంకా పెరిగింది. ఆ భయం చూసి ఇంకొకరు టెస్ట్‌కి వెళ్ళలేదు. మైక్, స్పీకర్, మళ్ళీ మైక్.

ఇక్కడ గమనించండి, ఊళ్ళో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళు చూసింది నిజం. కానీ చూసిన చావుకి కారణం వైరస్ ఒక్కటే కాదు, ఆలస్యం కూడా. ఆ ఆలస్యానికి కారణం భయం. అంటే భయం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంది.

రెండో వలయం: భయంతో భయాన్ని తగ్గించాలనుకోవడం

కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో హెచ్‌ఐవీని మొదటిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల కలిసి చేసిన పని అది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 1992లో మొదలైంది. కానీ ఆ రోజుల్లో మందులు మనవాళ్ళకు అందే ధరలో లేవు. ఏడాదికి ఒక్కొక్కరికి 10,000 డాలర్ల పైమాటే. 2001లో మన సిప్లా కంపెనీ, మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్ అనే వైద్య సేవా సంస్థకి అదే మందుల్ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని చెప్పింది. ప్రపంచం మొత్తంలో ధరలు దిగడానికి అదొక మలుపు. ఆ తర్వాత 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. కేసులు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలు, ఢిల్లీతో మొదలైంది. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందు లేని ఆ కాలంలో ప్రభుత్వాల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, హెచ్చరిక. అందుకే పోస్టర్ల మీద పుర్రెలు, "ఎయిడ్స్ అంటే మరణం" లాంటి మాటలు. మన దగ్గర 2000ల మొదట్లో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఊరూరా బోర్డులు పెట్టారు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, ఇంట్లో అమ్మానాన్నల్ని అడగండి, టక్కున గుర్తుపడతారు. ఎవరీ పులిరాజా అని రాష్ట్రమంతా మాట్లాడుకుంది. నోరు విప్పి ఎవరూ అనని మాటని అందరి నోట్లోకి తెచ్చిన ఘనత దానిది. కాదనలేం.

కానీ అలాంటి ప్రచారాలన్నిటికీ ఒక పక్క ఫలితం ఉంది. "జాగ్రత్తగా లేకపోతే వస్తుంది" అని చెప్తే, వినేవాడి బుర్రలో "వచ్చిందంటే వాడు జాగ్రత్తగా లేడు, తప్పుడు పని చేశాడు" అని తిరగబడుతుంది. జబ్బు కాస్తా క్యారెక్టర్ సర్టిఫికెట్ అయిపోయింది. సిస్టమ్స్ థింకింగ్‌లో దీనికి 'బెడిసికొట్టే పరిష్కారం' అనే అర్థంలో ఒక పేరు ఉంది. మొదట పని చేస్తుంది, కొన్నాళ్ళకు అదే సమస్యకు మేత అవుతుంది. భయం వల్ల కొందరు జాగ్రత్తపడ్డారు. అదే భయం వల్ల టెస్ట్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ఆగిపోయారు.

మూడో వలయం: బాగుపడ్డవాళ్ళు కనపడరు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక్క నిమిషం ఆగి వినండి.

ఈరోజు హెచ్‌ఐవీ ఉన్న మనిషి రోజూ మందు వేసుకుంటే దాదాపు మామూలు ఆయుష్షు బతకొచ్చు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ. ఇంకో మాట. మందు క్రమంగా వాడితే, చాలామందికి ఆరు నెలల్లోపే, రక్తంలో వైరస్ టెస్ట్‌కి దొరకనంత తక్కువకి పడిపోతుంది. అలా ఉన్నన్నాళ్ళూ శృంగారం ద్వారా అది భాగస్వామికి సోకదు. యూరప్‌లో ఒకరికి ఉండి ఇంకొకరికి లేని 888 జంటల్ని గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, మందు వాడుతున్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటి కూడా లేదు. సున్నా.

అలాగే తల్లి నుంచి బిడ్డకి. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన చికిత్స ఉంటే 5 శాతం లోపుకి వచ్చేస్తుంది.

ఇంత మార్పు వచ్చింది కదా, మరి ఊరికి ఎందుకు తెలియదు? ఎందుకంటే బాగున్నవాళ్ళు చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు, చెప్తే నష్టం కూడా. నాకు తెలిసిన ఒకన్న పధ్నాలుగేళ్ళుగా మందు వాడుతున్నాడు. ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు. మాత్రల్ని విటమిన్ డబ్బాలో పోసి పెట్టుకుంటాడు. ఆయన వీధిలో పాతికమందికైనా హెచ్‌ఐవీ అంటే 2002లో చూసిన ఒక బక్కచిక్కిన మనిషే గుర్తొస్తాడు. రోజూ ఎదురుగా ఆటో తోలుకుంటూ వెళ్తున్న మనిషి గుర్తురాడు. ఎలా గుర్తొస్తాడు? వాళ్ళకి తెలియదుగా.

అంటే ఈ వ్యవస్థ మనకు ఓటముల్ని మాత్రమే చూపిస్తుంది, గెలుపుల్ని దాచేస్తుంది. చికిత్స ఎంత బాగా పని చేస్తే, మనుషులు అంతగా కనపడకుండా పోతారు. వైద్యం ఇరవై ఏళ్ళు ముందుకు పోయింది. మన కళ్ళలో బొమ్మ మాత్రం అక్కడే ఆగిపోయింది. అవగాహన పోస్టర్ ఈ బొమ్మని మార్చలేదు, ఎందుకంటే పోస్టర్ చెప్పేది మాట, ఊరు చూసింది మనిషిని.

ఆ దాపరికానికి ఖర్చు కూడా ఉంది. ఆ అన్న దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళడు. తెలిసినవాళ్ళు కనిపిస్తారని పక్క జిల్లాకి వెళ్తాడు. ఒకరోజు కూలి పోతుంది, బస్ చార్జీలు అదనం. ఇలా దూరం వెళ్ళేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఏదో ఒక నెల కుదరదు, మందు ఆగుతుంది, వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మనిషి జబ్బు పడతాడు. ఊరికి ఇంకో ఓటమి కనిపిస్తుంది. మొదటి వలయానికి మళ్ళీ మేత దొరికింది.

నాలుగోది: ముందు ఎవరికి టెస్ట్ చేస్తే వాళ్ళదే తప్పు

గర్భిణులందరికీ హెచ్‌ఐవీ టెస్ట్ చెయ్యడం ప్రభుత్వ విధానం. మంచి విధానం, దానివల్ల ఎందరో పిల్లలు హెచ్‌ఐవీ లేకుండా పుట్టారు. కానీ చాలా ఇళ్ళలో దీని అర్థం ఏమిటి? కుటుంబంలో మొట్టమొదట టెస్ట్ అయ్యేది కోడలికి. భర్త నుంచి ఆమెకు వచ్చినా, కాగితం మీద ముందు పడేది ఆమె పేరు. "ఈమే తెచ్చింది" అంటారు. పుట్టింటికి పంపేస్తారు. ఆమె సెంటర్‌కి రావడం మానేస్తే మందులు ఆగుతాయి, బిడ్డకి రిస్క్ పెరుగుతుంది.

అత్తగారి మనసు మారాలి, నిజమే. కానీ అది మారేదాకా ఆగక్కర్లేదు. భార్యాభర్తలిద్దర్నీ కలిపి కూర్చోబెట్టి, కలిపి కౌన్సెలింగ్ చేసి, ఒకేరోజు టెస్ట్ చేస్తే? ముందు, వెనక అనేది ఉండదు. వేలు చూపించడానికి మొదటి పేరే ఉండదు. ఎవరికీ నీతి బోధించకుండా, వరస మార్చితే చాలు. మైక్‌ని రెండడుగులు జరపడం అంటే ఇదే.

మరి ఎక్కడ చెయ్యి పెట్టాలి?

డొనెల్లా మెడోస్ అని ఒక అమెరికన్ శాస్త్రవేత్త ఉండేవారు. ఒక వ్యవస్థని మార్చాలంటే ఎక్కడ తోస్తే ఎక్కువ కదులుతుంది అని 1999లో ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆవిడ మాట సారాంశం ఏంటంటే, మనం ఎక్కువగా అంకెలతో కుస్తీ పడతాం. ఇంకో వంద పోస్టర్లు, ఇంకో పది క్యాంపులు. వాటితో కదిలేది తక్కువ. సమాచారం ఎవరికి చేరుతోంది, నియమాలు ఏంటి, అసలు లక్ష్యం ఏంటి, వీటిని మారిస్తే కదిలేది ఎక్కువ.

మన విషయానికి వద్దాం. సమాచారం దగ్గర మార్చాల్సింది, "ఇలా వస్తుంది, అలా రాదు" అనే పాత పాఠం పక్కన "మందు వాడితే ఏమవుతుంది" అనే కొత్త పాఠం చేర్చడం. నియమాల దగ్గర మనకి ఒక చట్టం ఉంది. 2017లో పార్లమెంట్ చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ టెస్ట్ చెయ్యకూడదు. ఉన్నదన్న కారణంతో ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు. ఆ మనిషి స్టేటస్‌ని రహస్యంగా ఉంచాలి. వాళ్ళ మీద ద్వేషం రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికి ఒక అంబుడ్స్‌మన్ ఉండాలి. చట్టం ఉన్నంత మాత్రాన జనం మనసు మారదు. కానీ చెప్పుకున్నవాడికి జరిగే నష్టం తగ్గుతుంది. నష్టం తగ్గితే దాచడం తగ్గుతుంది. చట్టం పని వలయంలో అక్కడ.

ఇంకా చిన్నవి కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో గది తలుపు మీద పెద్ద అక్షరాలతో హెచ్‌ఐవీ అని రాయాలా, లేక మామూలు ఓపీ నెంబర్ సరిపోతుందా? ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళకి ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇస్తే ఎన్ని బస్ చార్జీలు మిగులుతాయి? నాకు మెసేజ్ పెట్టిన అబ్బాయి భయం ఆ తలుపు దగ్గరే ఉంది, ఏ పోస్టర్ దగ్గరా లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. "బాగున్నవాళ్ళు కనపడకపోవడమే సమస్య అయితే వాళ్ళే బయటికొచ్చి చెప్పొచ్చుగా" అని మీకు అనిపించొచ్చు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ 1991లో ప్రెస్ ముందు చెప్పాడు. ఇప్పటికీ బతికి, వ్యాపారాలు చేసుకుంటున్నాడు. ఆయన్ని చూసి ఎందరికో ధైర్యం వచ్చింది. కానీ ఆయన వెనక డబ్బుంది, పేరుంది. ఆటో నడిపే అన్న చెప్తే ఆయన కూతుళ్ళ సంబంధాల సంగతేంటి? వలయం మొత్తాన్ని తెంపే భారం దానిలో నలుగుతున్న మనిషి మీదే పెట్టకూడదు. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. మన పని, చెప్పినా నష్టం లేని చోటు తయారు చెయ్యడం.

మన ఫోన్‌తో మనం చెయ్యగలిగింది

మొదటిది, టెస్ట్‌ని మామూలు విషయం చెయ్యండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే కేంద్రాలు ఉంటాయి. టెస్ట్ ఉచితం, ముందూ వెనకా కౌన్సెలర్ మాట్లాడతారు, వివరాలు రహస్యంగా ఉంచుతారు. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి వెళ్ళి ఇద్దరూ చేయించుకోండి. రిస్క్ జరిగిన వెంటనే చేసే టెస్ట్‌లో కనపడకపోవచ్చు, మామూలు యాంటీబాడీ టెస్ట్‌కి మూడు నెలల దాకా పట్టొచ్చు. అందుకే మళ్ళీ ఎప్పుడు రావాలో కౌన్సెలర్‌ని అడగండి. సందేహాలుంటే 1097 టోల్ ఫ్రీ నెంబర్‌కి కాల్ చెయ్యండి.

రెండోది, గ్రూప్‌లో ఎవరైనా "ఫలానా ఆయనకి ఉందంట" అని పెడితే, అది మీ దగ్గర ఆగిపోవాలి. ఫార్వర్డ్ చెయ్యకపోవడం కూడా ఒక పనే. వలయంలో ఒక తీగ తెగింది.

మూడోది, మాట. 'ఎయిడ్స్ గాడు' అని జోక్ వేసిన ప్రతిసారీ, అక్కడ నవ్వుతున్న పదిమందిలో ఒకడు టెస్ట్‌ని ఇంకో మూడు నెలలు వాయిదా వేస్తున్నాడేమో. వాడెవడో మీకు తెలియదు. వాడు కూడా మీతో పాటు నవ్వుతూనే ఉంటాడు.

నాలుగోది, ఎప్పుడైనా ఈ టాపిక్ వస్తే రోగం గురించి కాకుండా బాగుండటం గురించి ఒక్క మాట చెప్పండి. "ఇప్పుడు మందు వాడితే మామూలుగానే ఉంటారంట, పార్ట్‌నర్‌కి కూడా సోకదంట." పేరు అక్కర్లేదు. మనిషిని చూపించక్కర్లేదు. ఆ ఒక్క సమాచారం తిరిగితే చాలు.

చివరిగా, ఈ పద్ధతి హెచ్‌ఐవీకి మాత్రమే కాదు. టీబీ, కుష్టు, డిప్రెషన్, పిల్లలు పుట్టకపోవడం, దేనికైనా మూడు ప్రశ్నలు అడగండి. జనం ఏం దాస్తున్నారు? దాచడం వల్ల నష్టం ఎప్పుడు, ఎవరికి కనిపిస్తోంది? బాగుపడ్డవాళ్ళు ఎక్కడున్నారు, మనకెందుకు కనపడట్లేదు? కాగితం మీద బాణం గుర్తులతో గీసుకోండి. ఎక్కడో ఒకచోట బాణం తిరిగి మొదటికే వస్తుంది. మీ చెయ్యి అందేది అక్కడే అయితే, పని అక్కడినుంచే మొదలుపెట్టండి.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే పద్ధతిలో ఇంటర్ కాలేజీల ఒత్తిడి గురించి బోర్డు మీద గీద్దాం. మీ కాలేజీలో మీరు చూసిన వలయం ఏదైనా ఉంటే రాసి పంపండి. నమస్తే.